కుడిచేతిలో కల్లూరు

మా పాత వీధి వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున్నే ఒక్క ముక్క వచ్చింది. ‘అక్క పోయింది.’

ఎవరి అక్క అని ఒక్కరూ అడగలేదు. దాని కిందనే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతూ పోయాయి. నేను ఫోను తీసుకెళ్లి వంటింట్లో మా ఇంటావిడకు చూపించాను. ఆమె చదువుకుని, స్టవ్వు ఆర్పేసి, "వదిన పోయిందా?" అంది.

అదీ ఆమె పేరు. కల్లూరులో మేమున్న వీధిలో మగవాళ్లకందరికీ అక్క, ఆడవాళ్లకందరికీ వదిన. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. అన్నేళ్లు పక్కపక్కన బతికి మేమెవ్వరమూ దాన్ని వాడలేదు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వేయించాలి, పేరేం రాయమంటావని వీధిలోవాళ్లు ఫోను చేస్తే, లేని ఊళ్లకు కూడా పేర్లు పెట్టగల నేను నోరు తెరిచి మూసుకున్నాను.

నా నోటి గురించి ముందే చెప్పుకోవడం మంచిది. నన్నెరిగినవాళ్లు నేను చెప్పినదాంట్లో సగం అక్కడికక్కడే తీసేస్తారు. మిగతా సగాన్ని మా ఇంటావిణ్ణి అడిగి ఖాయం చేసుకుంటారు. కల్లూరు గాలికి మా మిద్దె మీద ఆరేసిన లుంగీ లేచిపోయి నంద్యాలలో ఒక పెండ్లి పందిరి మీద దిగిందని, పెండ్లివారు దాన్ని శుభమనుకొని పసుపు పెట్టి తిప్పి పంపారని ఇప్పటికీ చెబుతాను. వింటున్నవాళ్లు నవ్వుతారు. బతికున్నప్పుడు అక్క మాత్రం నవ్వేది కాదు. "నంద్యాల దాకా యాడ పోతాదిలేప్పా, ఓర్వకల్లు కాడనే అలిసిపోయింటాది" అనేది. నా అబద్ధాన్ని కాదనకుండా దూరం మాత్రం తగ్గించిన మనిషి ఆమె ఒక్కతే.

కల్లూరు కర్నూలును ఆనుకునే ఉంటుంది. కాగితాల మీద ఎప్పుడో ఊళ్లో కలిసిపోయింది కూడా. మనుషుల నోళ్లలో ఇంకా కలవలేదు. షేరాటో ఎక్కి హంద్రీ బ్రిడ్జి దాటబోయే ప్రతివాడూ "కర్నూలుకు పోతాండా" అనే అంటాడు, ఏదో దేశం దాటిపోతున్నట్టు. ఆ బ్రిడ్జికి ఈ పక్క ఉండాలా, ఆ పక్కకు పోవాలా అన్నది పిల్లలున్న ప్రతి సంసారంలోనూ నలిగే మాట. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ముందు కల్లూరులో దిగుతారు. పిల్లలు బడికి అందుకోగానే బ్రిడ్జి అవతలికి చూడటం మొదలుపెడతారు. ఆ చూపు మొదలైన ఇంటికి ఆమె తప్పకుండా వచ్చేది. ఇల్లు వెతుక్కుంటూ కొత్తగా దిగినవాళ్లనూ వదిలేది కాదు. బ్రోకరేమీ కాదు. వీధి మొదట్లో రేకుల ఇల్లు, దాని ముందు ఒక నాపరాతి బండ, ఆ బండ మీద ఆమె. వీధిలోకి వచ్చిన మనిషి ఎవరైనా ఆ బండను దాటి పోవాల్సిందే.

ఒకసారి ఆదోని వైపు నుంచి ఒక మొగుడూ పెళ్లామూ వచ్చారు. చంకలో బిడ్డ. టు-లెట్ బోర్డున్న ఇల్లు చూసుకుని బయటికొచ్చి, ఎటూ తేల్చుకోలేక ఎండలో నిలబడ్డారు.

"ఏమప్పా, ఇల్లు నచ్చలేదా?" అంది బండ మీది నుంచి.

"నచ్చిందిలేమ్మా. టౌన్లో కూడా ఒకటి చూసినాం. ఏది పట్టుకోవల్లనో తెలీక..."

"దాంట్లో తెలీకపోయేకి ఏముండాది? ఇట్ల చూడు." రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి తిప్పి పట్టుకుంది. తక్కెడ అన్నమాట. "ఇది కల్లూరు" అని కుడిచెయ్యి ఆడించింది. "ఇది కర్నూలు" అని ఎడమచెయ్యి. "ఆడ తుంగభద్ర నీళ్లు. తియ్యగుంటాయి." ఎడమచెయ్యి కొంచెం దిగింది. "ఈడ బోరు నీళ్లు. తలకు పోసుకుంటే జుట్టు చీపురైతాది." కుడిచెయ్యి అంతకంటే దిగింది.

"అదేందమ్మా, ఉప్పునీళ్లు కూడా తూకంలో పెడతాండావు?" అన్నాడు మొగుడు.

"ఏం, ఉప్పుకు బరువుండదా? సరే, విను. ఆడ బడి దగ్గర. ఆసుపత్రి దగ్గర." ఎడమది. "ఈడ వాకిలుండాది. మంచమేసుకొని పండుకోవచ్చు. బిడ్డ పాక్కుంటా పోయినా మన్నులోనే ఉంటాది, మెట్ల మీంచి దొర్లదు." కుడిది. "ఆడ హంద్రీ పొంగిందంటే సామాన్లెత్తుకొని మిద్దెలెక్కల్ల. అయినా నది పక్కన ఉండేది గొప్పే కదా." ఎడమది. "ఈడ దుమ్ము. ఇల్లు ఊడ్చి తిరిగి చూస్తే మల్ల దుమ్ము. దుమ్ముకు కూడా బరువుంటాదప్పా." కుడిచెయ్యి మోకాలి మీదికి దిగిపోయింది.

పక్కనున్న పెళ్లాం ఫక్కున నవ్వింది. "మీ ఊరికి అన్నీ చెడ్డలే చెబుతాండావు, అయినా మీ ఊరే దిగుతాండాదే!"

"దిగుతాది. ఎట్ల పెట్టినా అట్లే దిగుతాది. నేనేం చేసేది?" చేతులు దులుపుకొని, అసలు సంగతికి అప్పుడు వచ్చింది. "పాలు పొంగించేకి ఆడబిడ్డ ఉందా మీకు?"

కొత్తింట్లో చేరే పొద్దు పొయ్యి వెలిగించి పాలు పొంగించేది ఆ ఇంటి ఆడబిడ్డ, అంటే మొగుడి తోబుట్టువు. సొంత ఇల్లయితే ఆడబిడ్డ ఎంత దూరాన ఉన్నా వస్తుంది. అద్దె ఇంటికి, అదీ రేపో మాపో మారిపోయే కల్లూరు అద్దె ఇంటికి, ఎవరు వస్తారు? అందుకని ఆమె పోయేది. సిమెంటు సంచిలో మూడు ఇటుకలు వేసుకొని, చంకలో కందికట్టెలు పెట్టుకొని పోయేది. ఇటుకలు వాడివాడి నల్లబడిపోయి ఉండేవి. ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి ఉన్నా సరే, గడప ముందర మన్నులోనే ఇటుకలు పేర్చేది. పాలు అంచుకు వచ్చేసరికి మాట మానేసేది. పొంగి నేల మీద పడేదాకా ఊపిరి బిగపట్టి, పడ్డాక వదిలేది. "ముందు మన్ను తాగల్ల. తర్వాతనే మనుషులు" అనేది. మొదటి గుటక పిల్లలకు పోసి, "మా పాస్టరయ్యకు మాత్రం చెప్పొద్దు వదినా, ఇదంతా ఏందమ్మా అంటాడు" అని ముసిముసిగా నవ్వేది. అంతటితో ఆ ఇల్లు ఆమెకు పుట్టిల్లయిపోయేది. చెప్పకుండా లోపలికి వచ్చి ఉట్టినే కూచుని పోయే హక్కు వచ్చేది. మా వీధిలో ఆమె పాలు పొంగించని ఇల్లు లేదు.

దానికో అర్హత ఉంది. పాలు పొంగించే ఆడబిడ్డకు మొగుడు బతికి ఉండాలి. ఆమె నుదుట బొట్టు లేదు, కాళ్లకు మెట్టెలు లేవు. "మాది ఏసయ్యను నమ్ముకున్న ఇల్లు, మాకవి లేవు" అనేది. కాబట్టి చూసి చెప్పడానికి ఆనవాలేదీ లేదు. నోరు తెరిచి అడిగినవాళ్లకు, "మా ఆయప్ప బళ్లారి తట్టు గనుల్లో పనికి పోయినాడు, పండక్కొస్తాడు" అని చెప్పేది. ఏ పండక్కో చెప్పేది కాదు. అడిగినవాళ్లు తృప్తిపడి పోయేవాళ్లు. నేనూ చాలాకాలం నమ్మాను. ఒకరోజు మా ఇంట్లో కూచుని, "పాపం, ఆయప్పకు ఆడ జొన్నరొట్టె దొరకదంట" అంది. బళ్లారిలో జొన్నరొట్టె దొరకదనడం కర్నూలులో ఎండ దొరకదనడం లాంటిది. అబద్ధాలతో సంసారం చేస్తున్నవాణ్ణి, నాకు వెంటనే వాసన తగిలింది. అవునవునని తలూపాను. కొత్తగా ఈ కళలోకి వచ్చినవాళ్లను చిన్నబుచ్చకూడదు.

తర్వాత వచ్చిన ఈస్టరు పండగ పొద్దున, ఇంకా తెల్లగా తెల్లవారకముందే, కడప బస్సు అందుకోవాలని నడిచిపోతున్నాను. కల్లూరు అంచున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. చర్చివాళ్లు పాడుతున్నారు. ఒక మూలగా ఆమె కూచుని, సీసాలో తెచ్చుకున్న నీళ్లతో ఒక చిన్న రాతిని కడుగుతూ, కొంగుతో తుడుస్తూ, దానితో ఏదో చెబుతోంది. ఇంటి సంగతులు చెబుతున్నట్టుంది. నేను ఆగకుండా పోవలసింది. ఆగాను. ఆమె తలెత్తి చూసింది.

"బళ్లారి బస్సు ఎప్పుడొచ్చిందక్కా?" అన్నాను. నా నోరు అటువంటిది.

ఆమె కోపం తెచ్చుకోలేదు. రాతి మీద చివరి తడి కూడా తుడిచింది. "ఈయప్ప యాడికీ పోలేదప్పా. బండలు పాలిష్ పట్టే షెడ్డులో పనిచేసినాడు. ఆ రాతి పిండి అంతా రొమ్ములో పేరుకొన్యాది. ఊపిరి పీల్చల్లంటే మంచం కోడు పట్టుకోవల్ల. కడాకు మంచం కోడు కూడా పట్టుకోలేకపాయ." కొవ్వొత్తికి గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టింది. "నీ కాడ అన్ని అబద్ధాలుండాయి కదా. నాదొకటి గూడా వాట్లో కలిపి దాచిపెట్టు. ఇది బయటపడితే నన్నెవరు పిలుస్తారప్పా?"

దాచిపెట్టాను. దాచిపెట్టడమే కాదు, పోషించాను కూడా. ఎవరైనా ఆ మాట ఎత్తితే, హోస్పేట బస్టాండులో బావ కనపడ్డాడని, బాగా ఒళ్లు చేశాడని చెప్పేవాణ్ణి. ఆమె పక్కకు పిలిచి, "శానా లావు చేయొద్దప్పా, రేప్పొద్దున వస్తే ఎవరూ గుర్తుపట్టరు" అంది. అన్నాక తనే తల తిప్పుకుంది.

మా పాపకు దగ్గు ఆ ఏడే పట్టుకుంది. మొదట చలిగాలి అనుకున్నాం. తర్వాత ఐస్ క్రీం మీదికి తోశాం. పరుగెత్తితే దగ్గు, నవ్వితే దగ్గు. కర్నూలులో డాక్టరు గొట్టం పెట్టి విని, ఇంటి చుట్టుపక్కల ఏముందని అడిగి, బండల షెడ్ల దుమ్మని చెప్పాక, వీలైతే ఇల్లు మారండి అన్నాడు. అప్పటిదాకా బడి కోసం, ట్యూషన్ల కోసం బ్రిడ్జి అవతలికి పోదామని మా ఇంటావిడ అంటుంటే నేను కథలతో నెట్టుకొస్తున్నాను. నాకు కల్లూరు వదలడం ఇష్టం లేదు. అబద్ధం చెప్పాలంటే వాకిలి కావాలి. అపార్టుమెంటు లిఫ్టులో మొదలుపెడితే మూడో అంతస్తు వచ్చేసరికి తలుపు తెరుచుకుంటుంది, మనిషి దిగిపోతాడు. కానీ ఆ రోజు నుంచి నా దగ్గర కథ లేదు.

ఆమె ఎవరూ పిలవకుండానే వచ్చింది. గడప పక్కన కూచుంది. మా ఇంటావిడ, "చూడు వదినా, నువ్వే తూకమేసి చెప్పు" అంది.

రెండు చేతులూ చాపింది. ఎప్పటిలాగే తీపినీళ్లు, ఉప్పునీళ్లు, ఆసుపత్రి, వాకిలి. చేతులు ఆడుతున్నాయి. "ఈడ నేనుండా" అని కుడిచేతిలో తనను కూడా వేసుకుంది. కుడిచెయ్యి దిగుతోంది. లోపలి గదిలో పాప దగ్గింది. ఆగకుండా దగ్గింది. ఆమె చేతులు అట్లాగే గాలిలో నిలబడిపోయాయి. కుడి అరచేతిలోకి చాలాసేపు చూసుకుంది, అక్కడేదో కనపడుతున్నట్టు.

"పాపను యాడ పెట్టల్ల?" అని అడిగింది. మళ్లీ తనే, "ఈ చేతిలో పెడతాండా" అంది. ఎడమచెయ్యి మెల్లగా దిగి ఆమె ఒడిలో పడింది. అన్నేళ్లలో ఆ చెయ్యి కుడిచేతి కంటే కిందికి దిగడం అదే చూడటం.

"పోండి వదినా. దుమ్ము ఎంత బరువుంటాదో నాకు తెలుసు" అని లేచింది.

గడప దాటబోతుంటే మా ఇంటావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "కొత్తింట్లో నువ్వే వచ్చి పాలు పొంగించల్ల."

"శానామంది అన్న్యారులే ఆ మాట" అంది, నిష్ఠూరమేమీ లేకుండా.

నిజమే. బ్రిడ్జి దాటి సొంత ఇళ్లలో చేరిన వాళ్లెవరూ ఆమెను పిలవలేదు. సొంత ఇంటికి సొంత ఆడబిడ్డలు పట్టుచీరలు కట్టుకుని, వీడియోవాళ్ల ముందు నిలబడేందుకు వచ్చారు. ఆమె అద్దె ఇళ్ల ఆడబిడ్డగానే మిగిలింది.

మేమూ అప్పు చేసి బ్రిడ్జి అవతల అపార్టుమెంటులో సొంత ఇల్లు కొన్నాం. నాకూ ఒక తోబుట్టువు ఉంది. కమలాపురంలో ఉంటుంది, నాకంటే పెద్దది. ఈ సంగతి ఆమె చెవిన పడేసరికి ఫోను వేడెక్కిపోయింది. "ఒరే అబ్బీ, నేను బతికుండంగానే ఇంగో ఆడబిడ్డను తెచ్చుకున్న్యావంటనే?" నేను కథేదో మొదలుపెట్టాను. "ఆ గండికోట గుర్రాల కతలు నాకు చెప్పొద్దు. పాలు నేను పొంగిస్తా. ఆమె వస్తే అన్నం తిని పోతాది" అని పెట్టేసింది. ఆ మాట వీధి మొదటికి మోసుకుపోయింది నేనే. ఆమె బండ మీద కూచుని విని, "తోడబుట్టినామె ఉండంగా నేనేందిలేప్పా. వస్తా. చూసి పోతా" అంది.

వచ్చింది. ఉతికి మడతపెట్టిన చీర కట్టుకుని, షేరాటో దిగి, సిమెంటు సంచి భుజాన వేసుకుని వచ్చింది. సంచి కింద పెడితే ఖంగుమంది.

"అదేంది, చదివింపులకు ఇటుకలు తెచ్చిందా ఈమె?" అని మా అక్క అందరికీ వినపడేట్టు అడిగింది. ఆమె సంచిని చెప్పుల స్టాండు పక్కకు జరిపి, చివరి కుర్చీలో కూచుంది.

వంటింట్లో మా ఇంటావిడ మోజుపడి పెట్టించుకున్న నల్లటి గాజు స్టవ్వు ఉంది. మా అక్క పట్టుచీర కుచ్చెళ్లు సర్దుకుని దాని మీద గిన్నె పెట్టింది. పాలు కదిలాయి, లేచాయి, అంచుకు వచ్చాయి. సరిగ్గా అప్పుడు మా ఇంటావిడ నోటినుంచి, "అయ్యో వదినా, గాజు! గాజు పగులుతాది!" అని ఒక కేక వచ్చేసింది. మా అక్క చెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది. పాలు గిన్నెలోకి దిగిపోయాయి.

కొత్తింట్లో పాలు పొంగకుండా ఆగిపోవడం ఎవరూ పైకి అనలేని మాట. మా ఇంటావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పాప మమ్మల్నందర్నీ మార్చి మార్చి చూస్తోంది.

వంటింటి తలుపు దగ్గరి నుంచి ఆమె గొంతు వినపడింది. "ఏం కాలేదులే వదినా. ఈడ పొంగినా మన్నుకు చేరదు. ఇది మీ నేల కాదు, కిందోళ్ల మిద్దె. మన్ను యాడుండాదో ఆడికి పోదాం పాండి."

పాలగిన్నెతో సహా అందరం లిఫ్టులో దిగాం. పార్కింగు వెనక, కాంపౌండు గోడ పక్కన, మొక్కలు నాటతామని వదిలిపెట్టిన మట్టి కొంచెం ఉంది. ఆమె సంచి విప్పి ఇటుకలు పేర్చింది. కందికట్టెలు విరిచి అంటించి, ఒంగి ఊదింది. గిన్నె ఎక్కించింది. మా అక్క నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తూ నిలబడింది. అవమానం జరిగిన మనిషి చూసే చూపు అది. నుదురు చూసింది, కాళ్లు చూసింది.

"ఇంతకీ నీ మొగుడు యాడుండాడమ్మా?"

నేను అందుకున్నాను. "బళ్లారిలో ఉండాడు. నిన్న రాత్రే ఫోను చేసినాడు, సెలవు దొరకలేదని శానా బాధపడ..."

"నువ్వు గమ్మునుండరా. నిన్నెవరడిగినారు?"

పొయ్యి ముందు కూచున్న మనిషి తలెత్తి మా అక్కను కాదు, నన్ను చూసింది. నా జీవితంలో నా అబద్ధాన్ని అంత మెత్తగా తిప్పి ఇచ్చినవాళ్లు లేరు. "వద్దులేప్పా. పాప ఊపిరి కోసం కొనుక్కున్న ఇల్లు. దీని కింద అబద్ధం పెట్టొద్దు." మా అక్క వైపు తిరిగింది. "మన్నులో ఉండాడు వదినా. కల్లూరు మన్నులో. శానా యేండ్లాయ."

లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెనక్కి జరిగింది. "నువ్వే కూచో. నీ తమ్ముడిల్లు. నీ పాలు."

ఎట్ల పెట్టినా కుడిచెయ్యే ఎందుకు దిగేదో నాకు అప్పుడు తెలిసింది. పైకి చెప్పకుండా ముందే అందులో పెట్టుకున్నది ఒకటుంది.

మా అక్క కదల్లేదు. పొయ్యి ముందు నుంచి లేచినామె మళ్లీ ముందుకు రాలేదు. మా ఇంటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గృహప్రవేశం చేయించడానికి వచ్చిన అయ్యవారు ఎక్కడ చూడాలో తెలియక గోడను చూస్తున్నాడు. పొయ్యి దగ్గర మనిషన్నవాళ్లు లేరు. మేమంతా ఒకరి మొహాలొకరం చూసుకుంటుండగా, పాలు లేచి, అంచు దాటి, ఇటుకల మీదుగా బుసబుసమంటూ మన్నులోకి పోయాయి. మంట సగం ఆరిపోయింది. ఎవరి చెయ్యీ లేదు. వెనక నిలబడిన మనిషి బిగపట్టిన ఊపిరి వదలడం మాత్రం నాకు వినపడింది.

పాలు కల్లూరు వైపే పారాయని నేను అందరికీ చెబుతాను. ఆ మట్టికి వాలు అటే ఉందని మా ఇంటావిడ అంటుంది.

ఆడబిడ్డకు పెట్టాల్సిన పట్టుచీర మా అక్కకు పెట్టాం. మా ఇంటావిడ లోపలికి పోయి ఇంకో చీర తెచ్చి ఆమె చేతిలో పెట్టబోతే, "ఇంగ బాగుండదు వదినా" అని తీసుకోలేదు. పాప తల నిమిరి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. "ఇటుకలు?" అన్నాను. "ఈడనే ఉండనీ. ఇంగ నాకేం పనుండాది వాటితో?"

ఆమెకు మొగుడు లేడన్న మాట బ్రిడ్జిని ఆమె కంటే ముందే దాటింది. కొన్నాళ్లకు మా పాత ఇంట్లోకి కొత్త సంసారం వచ్చిందని తెలిసి ఫోను చేశాను. "పాలు పొంగించేకి పిలిచినారా అక్కా?"

"పిలిచినార్లేప్పా. పోయి పొంగించొచ్చినా. ఆ పిల్ల శానా మంచిది."

నేను బాల్కనీలో నిలబడి మాట్లాడుతున్నాను. కింద కాంపౌండు గోడ పక్కన ఆమె ఇటుకలు మూడూ పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. "మంచిదేలేక్కా" అన్నాను.

పాపకు దగ్గు తగ్గింది. ఇప్పుడు మెట్లన్నీ ఎగురుకుంటూ ఎక్కుతుంది. మొన్న కల్లూరుకు మాతోపాటు తనూ వచ్చింది.

రేకుల ఇంటి ముందు పెట్టె ఉంది. చర్చి ఆడవాళ్లు పాడుతున్నారు. పాస్టరయ్య పాట ఆగాక, "పుట్టింటి చీర ఎవరన్నా తెచ్చినారా?" అని అడిగాడు. పోయిన ఆడమనిషి మీద పుట్టింటివాళ్లు చీర కప్పాలి. ఏ మతమైనా మా వైపు అంతే. ఆమె పుట్టిల్లు ఏ పల్లెనో, అక్కడ ఎవరున్నారో మాకెవరికీ తెలియదు. అప్పుడు మా పాత ఇంట్లో చేరిన పిల్ల, పాలు పొంగించడానికి పిలవని ఆ పిల్లే, తల వంచుకుని ఇంట్లోకి పోయి ఒక చీర తెచ్చింది. ఆ పిల్ల వెనక ఎదురింటామె. ఆ వెనక ఆదోని నుంచి వచ్చినామె, ఇప్పుడు బిడ్డ ఆమె భుజం దాకా ఉన్నాడు. బ్రిడ్జి అవతలి నుంచి ఆటోలు వచ్చాయి, వాటిలోంచి చీరలు దిగాయి. తలుపు తలుపుకీ ఒక చీర. పెట్టె మూత పడలేదు. నమ్మనివాళ్లు మా ఇంటావిణ్ణి అడగొచ్చు.

చిట్టచివర మా అక్క వచ్చింది. కమలాపురం నుంచి బస్సులో, నిలబడి వచ్చిందట. సంచిలోంచి పట్టుచీర తీసింది. మేం పెట్టినదే. మడత కూడా విప్పలేదు.

"అది నీకు పెట్టింది కదక్కా" అన్నాను.

"ఆ పొద్దు పాలు పొంగించింది నేను కాదు కదరా" అంది. పెట్టె పక్కన మోకాళ్ల మీద కూచుని, చీర ఆమె మీద కప్పి, అంచు సవరించింది. "ఆ ఒక్క మాట అడక్కుండా ఉండాల్సింది వదినా" అని చాలా మెల్లగా అంది. మా అక్క గొంతు అంత మెల్లగా ఉండగలదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

సమాధుల తోట దగ్గరే. మోసుకునే పోయాం. దారి మధ్యలో కుడివైపు పట్టుకున్నవాళ్లు ఆగమన్నారు. "ఈ పక్క శానా బరువుండాదప్పా, రోంత దించండి" అన్నారు. భుజాలు మార్చుకున్నారు.

నేను ఎడమవైపు పట్టుకున్నాను. నా వైపు తేలిగ్గా ఉంది.